కాన్సాస్ ప్రెయిరీ ఊళ్ల మీదుగా కుటుంబంతో మూడు రోజుల కారు ప్రయాణం: ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మన టూర్ల లిస్టు ఎప్పుడూ ఒకటే. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, ఓపికుంటే గ్రాండ్ కాన్యన్. కాన్సాస్ సిటీలోనో, ఒమాహాలోనో, డాలస్‌లోనో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు కూడా ప్రెయిరీని, అంటే అమెరికా నడిమి గడ్డి మైదానాలను, విమానం కిటికీలోంచి చూడటమే గానీ దిగి చూసింది తక్కువ. "అక్కడేముంది, గడ్డి తప్ప" అంటారు. నిజమే, గడ్డే. కాకపోతే ఆ గడ్డి మధ్యలో మూడొందల మందో ఎనిమిదొందల మందో ఉండే ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో రాతి కోర్టు, కేఫ్, ఆకాశాన్నంటే ధాన్యం ఎలివేటర్ (ధాన్యం నిల్వ చేసే గోదాం), ఊరి పేరు రాసిన వాటర్ ట్యాంకు ఉంటాయి. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లకు టైమ్స్ స్క్వేర్ కన్నా ఇక్కడే మాట్లాడుకోవడానికి ఎక్కువ సరుకు దొరుకుతుంది.

ఈ గైడు కాన్సాస్ సిటీ నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే చేరే మూడు రోజుల దారికి. డాలస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఐ-35 మీద విచిటా దాటాక కాసొడే దగ్గర దిగితే కె-177 రోడ్డు అందుకుంటారు. అక్కడి నుంచి మొదటి రోజు దారిలో కలవొచ్చు.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇక్కడ ట్రిప్పు చెడేది దూరాల వల్ల కాదు, వేళల వల్ల. రోడ్లు ఖాళీ. ఫోను రెండు గంటలు అంటే రెండు గంటలకే చేరతారు. కానీ మీరు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. కేఫ్ రెండింటికే కట్టేసి ఉంటుంది, మ్యూజియం ఆ రోజు సెలవు, వీధిలో పిల్లి కూడా ఉండదు. "ఇంతదూరం ఇందుకా తీసుకొచ్చావ్" అనే మాట వెనక సీటులోంచి వినిపించేది అప్పుడే. అందుకని ముందు మ్యాప్ కాదు, క్యాలెండర్ తీయండి.

నెల, వారం, రోజు

సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ మధ్య దాకా నా ఓటు. ఎండ తగ్గుతుంది, గాలి పొడిగా ఉంటుంది. బిగ్ బ్లూస్టెమ్ అనే ప్రెయిరీ గడ్డి వానలు బాగా పడ్డ ఏడాది మనిషెత్తు దాటి పెరిగి రాగి రంగుకు తిరుగుతుంది. అప్పుడే జొన్న చేలు కూడా కోతకొస్తాయి. అమెరికాలో జొన్న అన్నిటికన్నా ఎక్కువ పండేది కాన్సాస్‌లోనే. మిషన్ కోతకు వీలుగా పొట్టి రకాలు వేస్తారు కాబట్టి చేను నడుం ఎత్తు కూడా ఉండదు. పైన ఎర్రటి కంకులు చూడగానే పెద్దవాళ్లు "ఇది మన జొన్నే కదా" అని కారు ఆపమంటారు. ఆపండి. ఇక్కడ రొట్టెలు చేసుకోరు, ఎక్కువ భాగం పశువుల దాణాకు, ఇథనాల్‌కు, ఎగుమతికి పోతుందని చెబితే ఇంకో అరగంట చర్చ గ్యారంటీ.

రెండో మంచి సమయం జూన్ రెండో సగం, గోధుమ కోతలప్పుడు. ఇక్కడి గోధుమ సెప్టెంబర్, అక్టోబర్‌లలో విత్తి, చలికాలమంతా మంచు కింద ఉండి, మళ్లీ జూన్‌లో కోసే రకం. ఎండ గట్టిగానే ఉంటుంది గానీ కంబైన్లు (కోత మిషన్లు) రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతూ ఊళ్లన్నీ సందడిగా ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు టోర్నడోల కాలం, చిన్నపిల్లలతో అయితే తప్పించడం మేలు. మార్చి చివర, ఏప్రిల్‌లో ఫ్లింట్ హిల్స్‌లో పాత గడ్డిని తగలబెడతారు. రాత్రిపూట కొండల మీద మంట గీతలు చూడ్డానికి బాగుంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు మాత్రం ఆ పొగ పడదు. జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. అంత ఎండ మన ఊళ్లోనే చూశారు వాళ్లు, ఇక్కడికొచ్చి చూడక్కర్లేదు.

వారంలో గురువారం పొద్దున బయల్దేరి శనివారం రాత్రికి ఇల్లు చేరేలా పెట్టుకోండి. ఆదివారం పల్లెల్లో చాలా షాపులు తీయరు. తీసిన కేఫ్‌లు కూడా చర్చి వదిలే వేళకు కిక్కిరిసి, ఆ తర్వాత మూసేస్తాయి. చిన్న మ్యూజియాలకు చాలాచోట్ల సోమవారం సెలవు. కోర్టు భవనాలు, గ్రంథాలయాలు పనిదినాల్లోనే తీసి ఉంటాయి. స్కూలున్న పిల్లలకు రెండు రోజులు సెలవు పెట్టించక తప్పదు. లాంగ్ వీకెండ్‌తో సరిపెడదామని చూస్తే మూసిన తలుపుల ముందు ఫొటోలు దిగి రావాల్సి వస్తుంది.

వెళ్లే ముందురోజు, చూడాలనుకున్న ప్రతి చోటికీ ఫోన్ చేసి అడగండి. ఆన్‌లైన్‌లో ఉన్న టైమింగులు రెండేళ్ల కిందటివై ఉండొచ్చు. చాలా చిన్న మ్యూజియాల తలుపు మీద ఒక కాగితం, దాని మీద ఒకటో రెండో ఫోన్ నంబర్లు అతికించి ఉంటాయి. దాన్ని చూసి వెనక్కి తిరక్కండి. ఫోన్ చేస్తే నాలుగు వీధుల అవతలి నుంచి ఎవరో పెద్దావిడ తాళంచెవులు పట్టుకుని వచ్చి తలుపు తీసి, లైట్లు వేసి, మీ వెంటే తిరుగుతూ ప్రతి ఫొటో కిందా ఉన్న మనిషి ఎవరి తాతో చెబుతుంది. ఎగ్జిబిట్ల కన్నా ఆవిడ మాటలే బాగుంటాయి. బయటికొచ్చేటప్పుడు విరాళాల డబ్బాలో ఐదో పదో డాలర్లు వేయండి, విజిటర్స్ పుస్తకంలో పేరు, ఊరు రాయండి. అమ్మానాన్నల చేత తెలుగులోనే రాయించండి.

కారులో ఏముండాలి

గ్యాస్ విషయంలో ఒకటే రూలు: ముల్లు సగానికి వచ్చిందంటే నింపుకోవాలి. ఊరున్నంత మాత్రాన బంకు ఉంటుందని లేదు. ఉన్నచోట కూడా మనిషి లేకుండా కార్డు గీకి కొట్టుకునే కో-ఆప్ (రైతుల సహకార సంఘం) పంపు ఒక్కటే ఉండొచ్చు. నగదు కొంత దగ్గరుంచుకోండి, కొన్ని కేఫ్‌లు ఇప్పటికీ కార్డు తీసుకోవు.

వెళ్లే కౌంటీలన్నిటి మ్యాప్‌లనూ ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇక్కడి గ్రామీణ రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్లు గీసినట్టు ఉంటాయి. 1785 నాటి భూచట్టం నేలను మైలు చదరాలుగా కోసింది, ఒక్కో చదరం, అంటే సెక్షన్, 640 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద కుటుంబానికి ఇచ్చిన 160 ఎకరాలు అందులో పావు. నాన్నగారికి ఈ లెక్క చెప్పాక దారి పొడవునా సెక్షన్లు లెక్కపెడుతూ కూర్చుంటారు. ఇబ్బందేంటంటే, ఈ గళ్లలో ఏ రోడ్డైనా జీపీఎస్ కంటికి ఒకటే. రెండు నిమిషాలు కలిసొస్తుందని కంకర రోడ్డు ఎక్కిస్తుంది, అది కాస్తా అరమైలు తర్వాత ఒట్టి మట్టి బాట అవుతుంది. "మినిమమ్ మెయింటెనెన్స్ రోడ్" అన్న బోర్డు కనిపిస్తే అక్కడే వెనక్కి తిరగండి. వాన పడ్డాక ఆ మట్టి మన నల్లరేగడికి తీసిపోదు. కంకర మీద 35, 40 మైళ్ల వేగం దాటకండి. చక్రాలు జారేది బ్రేకు వేసినప్పుడే.

అమ్మానాన్నల మందులు, వాటి పేర్లు, మోతాదులు రాసిన కాగితం, విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంచండి. ఆసుపత్రి అన్ని ఊళ్లలో ఉండదు, కౌంటీ ముఖ్య పట్టణంలో ఉండే అవకాశం ఎక్కువ. గడ్డిలో నడవడానికి ఫుల్ ప్యాంట్లు, పొడుగు సాక్సులు, పురుగుల మందు స్ప్రే కావాలి. ఎండాకాలంలో పిడుదులు, కంటికి కనిపించనంత చిన్న చిగ్గర్లు పట్టుకుంటే వారం రోజులు గోక్కోవాలి. చీర కట్టుకునే అమ్మలకు కింద లెగ్గింగ్స్, షూ వేయించండి.

మోటెల్ గదులు ముందే బుక్ చేసుకోండి. చిన్న ఊరిలో ఉండేదే ఒకటి, రెండు. కోతల కాలంలో ఊరూరా తిరిగే కంబైన్ బృందాలు, నవంబర్‌లో వేటగాళ్లు వాటిని నింపేస్తారు. చాలాచోట్ల కౌంటర్ వెనక గుజరాతీ కుటుంబం ఉంటుంది. రెండు ముక్కలు హిందీలో కలిపితే ఊళ్లో శాకాహారం ఎక్కడ దొరుకుతుందో అందరికన్నా బాగా చెప్పేది వాళ్లే.

తిండి సంగతి

ఇది విడిగా చెప్పాలి. ట్రిప్పు మూడ్ అంతా దీని మీదే ఉంటుంది కాబట్టి.

శాకాహారులకు ప్రెయిరీ కేఫ్ మెనూ కష్టమే. కనిపించని చోట మాంసం ఉంటుంది. గ్రీన్ బీన్స్‌లో బేకన్, గుజ్జు బంగాళాదుంప మీద పోసే గ్రేవీలో మాంసం రసం, ఒక్కోసారి పై (pie) అనే తీపి వంటకం పిండిలో పంది కొవ్వు. "వెజిటేరియన్" అంటే చికెన్ పర్లేదా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల తప్పు కాదు. "నో మీట్, నో బేకన్, నో బ్రాత్" అని విడివిడిగా చెప్పండి. గ్రిల్డ్ చీజ్, గుడ్లు తింటే ఆమ్లెట్, హాష్ బ్రౌన్స్, పాన్‌కేకులు ఎక్కడైనా దొరుకుతాయి. మెక్సికన్ హోటల్ కనిపిస్తే అదృష్టమే, బీన్స్ పంది కొవ్వులో వండారా అని మాత్రం అడగండి. కేసీస్ అనే గ్యాస్ స్టేషన్లలో వేడి వేడి పిజ్జా చేసిస్తారు. గ్యాస్ బంకులో పిజ్జా ఏంటని ముఖం చిట్లించే పిల్లలు కూడా రెండో ముక్క అడుగుతారు.

మాంసాహారులకు బాధ లేదు, ఒక్క హెచ్చరిక చాలు. జర్మన్ మూలాలున్న ఊళ్లలో బీరాక్ అని బన్నులా కనిపించేది అమ్ముతారు. లోపల క్యాబేజీ, బీఫ్ ఉంటాయి. ఇక్కడివాళ్లు చిల్లీ అనే మాంసం, బీన్స్ కారం పులుసుతో పాటు సినమన్ రోల్ నంజుకుంటారు. వినడానికి వింతగానే ఉంటుంది, తిని చూశాక మీ ఇష్టం. పై మాత్రం వదలకండి. చిన్న కేఫ్‌లో ఆ రోజు ఏ పైలు ఉన్నాయో బోర్డు మీద సుద్దతో రాస్తారు, ఒక్కొక్కటీ అయిపోగానే తుడిచేస్తారు. పదకొండున్నరకల్లా వెళ్తే చెర్రీ, కొబ్బరి రెండూ ఉంటాయి.

ఇంటి నుంచి మొదటి రోజుకు చింతపండు పులిహోర, రెండో రోజుకు చపాతీలు, కూలర్‌లో పెరుగు, ఒక పొడి, ఒక పచ్చడి. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్తే రాత్రికి పెరుగన్నం తిని హాయిగా పడుకోవచ్చు. గదిలో కుక్కర్ పెట్టుకోవచ్చా అని ముందే అడగండి. పోపు మాత్రం వేయకండి. స్మోక్ అలారం మోగితే ఊరి ఫైరింజను వస్తుంది. దాన్ని నడిపేది చాలాచోట్ల జీతం లేకుండా చేసే వాలంటీర్లే. నిద్రలోంచి లేచి వచ్చినవాళ్లకు ఆవాల గురించి వివరించడం బాగుండదు.

మొదటి రోజు, గురువారం: గడ్డి

కాన్సాస్ సిటీ నుంచి ఐ-70 ఎక్కకుండా యూఎస్-56 పట్టుకోండి. పాత శాంటా ఫే వర్తక బాటకు దగ్గర దగ్గరగా సాగే రోడ్డిది. బాల్డ్విన్ సిటీ, ఓవర్‌బ్రుక్, ఇటుకల వీధి ఉన్న బర్లింగేమ్ దాటి కౌన్సిల్ గ్రోవ్‌కు రెండు, రెండున్నర గంటలు. 1825లో ఓసేజ్ తెగవాళ్లతో ఈ బాట కోసం ఒప్పందం జరిగింది ఇక్కడే, ఊరి పేరు కూడా అలా వచ్చిందే. ముందుగానే భోంచేసి, గ్యాస్ నింపుకుని, దక్షిణంగా కె-177 మీదకు తిరగండి.

ఇక్కడి నుంచి తొందరపడకండి. 47 మైళ్ల ఈ సీనిక్ రోడ్డులో మీకు మొదట కావాల్సింది 20 మైళ్లే. చెట్టూ చేమా లేని కొండలు, వాటి మీద మబ్బుల నీడలు. ఒకప్పుడు ఉత్తర అమెరికా మధ్యలో పరుచుకున్న పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది. కారణం ఎవరో కాపాడటం కాదు, నాగలి దిగకపోవడం. పైన పలచటి మన్ను, కింద సున్నపురాయి, దాని నిండా చెకుముకి రాళ్లు. ఫ్లింట్ హిల్స్ అన్న పేరు ఆ రాళ్లదే. దున్నడం కుదరక పశువుల మేతకు వదిలేశారు, గడ్డి బతికిపోయింది.

స్ట్రాంగ్ సిటీకి రెండు మైళ్ల ముందు టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ వస్తుంది. 1996లో ఏర్పాటైంది, దాదాపు 11 వేల ఎకరాలు, ప్రవేశ రుసుము లేదు. 1881 నాటి రాతి ఇల్లు, మూడంతస్తుల పశువుల కొట్టం చూశాక, పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే రెండు మైళ్ల లోపు ఉండే సౌత్‌విండ్ ట్రయల్ చాలు. బైసన్లను (అమెరికా అడవి దున్నలను) చూడాలంటే వాటిని మేపే భాగంలోకి నడవాలి. 2009లో సౌత్ డకోటా నుంచి తెచ్చిన మందకు పుట్టిన సంతతి అవి. ఎంత దూరంలో ఎటువైపు ఉన్నాయో రేంజర్‌ను అడిగి కదలండి, కనీసం 100 గజాల దూరం పాటించండి. మనవాళ్లకు పశువులంటే భయం లేదు, అదే ఇక్కడ ప్రమాదం. "గేదెలే కదా" అని నాన్నగారు ముందుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. గుర్రంతో సమానంగా పరిగెత్తే జంతువది.

నాలుగింటికల్లా కాటన్‌వుడ్ ఫాల్స్ చేరండి. ఇటుకలు పరిచిన వీధి చివర ఎర్రటి పైకప్పుతో 1873లో కట్టిన ఛేజ్ కౌంటీ కోర్టు ఉంటుంది. కాన్సాస్‌లో ఇంకా కోర్టుగా నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది. పనిదినం కాబట్టి లోపలికి వెళ్లొచ్చు. వాల్‌నట్ కర్రతో మెలికలు తిరుగుతూ మూడంతస్తులు ఎక్కే మెట్లు చూడండి, కొయ్య పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిదానంగా ఎక్కండి. 1900లో ఈ కౌంటీ జనాభా ఎనిమిది వేల పైచిలుకు, ఇప్పుడు సుమారు రెండున్నర వేలు. "ఇంత భూమి ఉంది, మనుషులేరి?" అని పొద్దుటి నుంచి అడుగుతున్న అమ్మకు జవాబు ఇదే. ట్రాక్టర్లు పెద్దవయ్యాయి, కమతాలు పెద్దవయ్యాయి, పిల్లలు సిటీలకు పోయారు. ఆ మాట వినగానే ఆవిడకు ఇంకేం చెప్పక్కర్లేదు.

రాత్రి బసకు లిండ్స్‌బోర్గ్ వెళ్లొచ్చు, గంటన్నర. పొద్దు వాలాక బయల్దేరితే జింకలు రోడ్డు దాటే సమయమిదే అని గుర్తుంచుకోండి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది. రెండు వరసల రోడ్డు మీద వేగ పరిమితి 65 మైళ్లు. ఊరు రాగానే 45, వెంటనే 30కి పడిపోతుంది. బోర్డు చూసీ చూడనట్టు పోయారంటే ఊరి పోలీసు అక్కడే ఉంటాడు.

రెండో రోజు, శుక్రవారం: ఉప్పు, అంతరిక్షం, ఫుట్‌బాల్

లిండ్స్‌బోర్గ్‌ను 1869లో స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు కట్టారు. వీధి పొడవునా రంగులేసిన డాలా గుర్రాల బొమ్మలు. పిల్లలకు "ఎన్ని దొరికితే అన్ని" అని పందెం పెట్టి వదలండి. ఊరి వాయవ్యంగా ఉన్న కొరొనాడో హైట్స్ గుట్ట మీద 1936లో ఉపాధి పనుల కింద కట్టిన చిన్న రాతి కోట ఉంది. పొద్దున్నే ఎక్కితే చుట్టూ పాతిక మైళ్ల నేల కనిపిస్తుంది.

తర్వాత హచిన్సన్, గంట లోపే. ఇది పల్లె కాదు, పట్టణం. రెండు చూడాల్సినవి ఉన్నాయి, ఒకటి కాస్మోస్ఫియర్ అనే అంతరిక్ష మ్యూజియం, రెండోది స్ట్రటాకా. కాస్మోస్ఫియర్‌లో అపోలో 13 కమాండ్ మాడ్యూల్ ఒడిస్సీ నమూనా కాదు, అసలుదే ఉంది. 1961లో సముద్రంలో మునిగి 1999లో బయటికి తీసిన అంతరిక్ష నౌక లిబర్టీ బెల్ 7 కూడా ఇక్కడిదే. స్ట్రటాకా 650 అడుగుల లోతున ఉన్న ఉప్పు గని. చిమ్మచీకటి లిఫ్టులో దింపుతారు, కింద ఏడాది పొడవునా 68 డిగ్రీలే. మరీ చిన్నపిల్లల్ని అనుమతించరు, వయసు పరిమితి ముందే కనుక్కోండి. చీకటి, ఇరుకు పడని పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. ఒకరు వాళ్లతో కాస్మోస్ఫియర్‌లో ఉండిపోవచ్చు.

జూన్‌లో వస్తే ఈ సాయంత్రాన్ని ఎలివేటర్‌కు ఇవ్వండి. దారిలో ఏ ఊరైనా సరే. రోడ్డు పక్కన, లారీల దారికి అడ్డం రాకుండా కారు ఆపి, గేటు బయటి నుంచే చూడండి. గోధుమ లారీ కాటా మీదకు ఎక్కుతుంది. పైనుంచి ఒక ఇనుప గొట్టం వంగి, గింజల్లోకి దిగి, శాంపిల్ పీల్చుకుంటుంది. ఆఫీసు గదిలో ఆ గింజల తేమ చూస్తారు. 13 శాతం దాటుతూ పోయిందంటే ధర కోత. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ అంకె కోసం చూసే చూపు, మన కొనుగోలు కేంద్రాల్లో వడ్ల రాశి దగ్గర నిలబడే రైతు చూపూ ఒకటే. తేమ శాతం మీద గొడవపడ్డ నాన్నగారికి అనువాదం అవసరం లేదు. దిగుబడి అడుగుతారు, చెప్పండి: ఏడాదిని బట్టి ఎకరానికి 35 నుంచి 50 బుషెళ్లు. బుషెల్ గోధుమ 27 కిలోల పైన, అంటే 40 బుషెళ్లు దాదాపు 11 క్వింటాళ్లు. "అంతేనా?" అంటారు. నీళ్లు పెట్టకుండా, వేల ఎకరాల్లో అని గుర్తుచేయండి.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో అయితే శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్. మరీ చిన్న స్కూళ్లు పదకొండు మంది చాలక ఎనిమిది మందితోనే ఆడతాయి. టికెట్ కొద్ది డాలర్లు. ఆట అర్థం కాకపోయినా పర్వాలేదు, ఊరంతా ఒకచోట కూర్చుని ఉండేది ఈ రెండు గంటలే. దుప్పటి పట్టుకెళ్లండి, అల్యూమినియం బెంచీలు చల్లగా ఉంటాయి.

ఇక్కడ మనుషుల గురించి ఒక మాట. కాన్సాస్ అనగానే 2017 ఫిబ్రవరిలో ఓలేతీలో మన హైదరాబాద్ ఇంజనీరు కాల్పుల్లో చనిపోవడం చాలామంది పెద్దవాళ్ల మనసులో ఇంకా ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. అదే సాయంత్రం అడ్డుపడబోయి తూటా తిన్నది అక్కడి తెల్లవాడేనన్నది కూడా చెప్పండి. ఈ ఊళ్లలో మిమ్మల్ని తేరిపారా చూస్తారు, అది కొత్త ముఖాలను చూసే చూపు. ముందు మీరే "హలో" అనండి, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పండి. ఎదురొచ్చే పికప్ డ్రైవరు స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు లేపితే మీరూ లేపండి, పలకరింపు అది. పొలంలోకి మాత్రం దిగకండి. కంచె లేకపోయినా అది సొంత ఆస్తే. ఫొటో రోడ్డు మీది నుంచే.

ఆకాశం నల్లబడితే

టోర్నడో హెచ్చరికలు రెండు రకాలు. "వాచ్" అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, కనిపెట్టుకుని ఉండాలని. "వార్నింగ్" అంటే వచ్చేసిందని, వెంటనే దాక్కోవాలని. రేడియోలో హెచ్చరికలు ఊరి పేరుతో కాదు, కౌంటీ పేర్లతో చదువుతారు. కాబట్టి ఈ రోజు ఏ ఏ కౌంటీల్లో ఉంటారో పొద్దునే ఒక కాగితం మీద రాసి అద్దం దగ్గర పెట్టుకోండి. వార్నింగ్ వస్తే దగ్గరి ఊళ్లో గట్టి భవనం బేస్‌మెంట్, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీ లేని బాత్‌రూమ్. ఫ్లైఓవర్ కింద కారు ఆపి దాక్కోవడం మాత్రం వద్దు, అక్కడ గాలి ఇంకా ఉధృతమవుతుంది. వీడియో తీయడానికి ఆగకండి. 2007 మే 4 రాత్రి గ్రీన్స్‌బర్గ్ ఊరు 95 శాతం నేలమట్టమైంది. ముందే మోగిన సైరన్ విని బేస్‌మెంట్లలోకి దిగినవాళ్లు బతికారు.

మూడో రోజు, శనివారం: వింతలు, ఇంటిదారి

పొద్దున్నే బయల్దేరి విల్సన్ మీదుగా కె-232 ఎక్కండి. 18 మైళ్ల ఈ దారిలో కంచె స్తంభాలన్నీ రాతివే. చెట్లు లేని నేల కావడంతో సున్నపురాయిని కోసి పాతారు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే రాయి అది. తాండూరు వైపు వాళ్లు కడీలు అని గుర్తుపట్టేస్తారు.

చివర లూకస్. మూడొందల చిల్లర జనాభా. అంతర్యుద్ధంలో పోరాడిన ఎస్. పి. డిన్స్‌మోర్ 1907లో మొదలుపెట్టి తన ఇంటిచుట్టూ సిమెంటుతో ఆదాము హవ్వలు, దేవదూతలు, రైతును పీడించే దళారులు, బ్యాంకర్లు, లాయర్ల బొమ్మలు నిలబెట్టాడు. అదే గార్డెన్ ఆఫ్ ఈడెన్. ఆయన శవం అక్కడి సమాధి గదిలోనే, అద్దం మూత ఉన్న పెట్టెలో ఉంది. పిల్లలకు, అమ్మకు ముందే చెప్పి, చూడాలో వద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఊరి పబ్లిక్ టాయిలెట్‌ను కమోడ్ ఆకారంలోనే కట్టి మొజాయిక్ అతికించారు. పిల్లలకు ఈ ట్రిప్పులో గుర్తుండేది బహుశా అదే.

గంట ఉత్తరంగా కాకర్ సిటీ. రోడ్డు పక్క పందిరి కింద కొండంత పురికొస ఉండ. గడ్డిమోపులు కట్టే పురికొసను పారేయడం ఇష్టంలేక ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు 1953లో చుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ చుడుతూనే ఉన్నారు. వచ్చేవాళ్లూ ఒక చుట్టు వేయొచ్చు, ఎలాగో అక్కడి బోర్డు మీద ఉంటుంది.

ఇక్కడ రెండింట్లో ఒకటి ఎంచుకోండి, రెండూ కుదరవు. ముప్పావు గంట దూరంలో లెబనాన్ దగ్గర అమెరికా ప్రధాన భూభాగపు నడిమధ్య బిందువు. ఒక రాతి గుర్తు, జెండా, చిన్న ప్రార్థనా గది. ఫొటోకు బాగుంటుంది, పది నిమిషాల పని. లేదా పడమరగా గంట పైచిలుకు వెళ్తే నికొడీమస్. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు 1877లో కెంటకీ నుంచి వచ్చి కట్టుకున్న ఊరు. 1888లో రైలు మార్గం పక్కనుంచి పోవడంతో చితికిపోయింది. ఇప్పుడు పట్టుమని పాతికమంది లేని ఊరు, జాతీయ చారిత్రక స్థలం. పిల్లలు హైస్కూల్ వయసువాళ్లైతే నికొడీమస్సే వెళ్లండి, సెంటర్ శనివారం తీసి ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని. చిన్నవాళ్లైతే లెబనాన్ చాలు.

ఇంటికి నాలుగు, నాలుగున్నర గంటలు. నికొడీమస్ నుంచైతే ఇంకొంచెం ఎక్కువ. మూడింటికల్లా కదలండి, డ్రైవింగ్ ఇద్దరు పంచుకోండి. ఐ-70 ఎక్కాక 75 మైళ్ల వేగంలో అడ్డగాలి కారును పక్కకు నెడుతుంది, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి. రాత్రి ఎంత అలిసిపోయినా మర్నాడు పొద్దున్నే బంపరు, అద్దం కడిగేయండి. ప్రెయిరీ పురుగులు ఎండకు అట్టకట్టాయంటే పెయింటుతో సహా ఊడొస్తాయి.